మర మిగిల్చిన పొద్దు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కోడి కంటే ముందు తిరగళ్ళు లేచేవి. నకరికల్లు నుంచి గురజాల వైపు పోయే బండిబాటకు కాస్త లోపలగా ఉండేది మా ఊరు. నల్లరేగడి నేల. వానొస్తే పంట, లేకపోతే లేదు. జొన్నే మాకు సంకటి, జొన్నే మాకు రొట్టె. వరి అన్నం పండగ నాడో, ఇంటికి చుట్టం వచ్చిన నాడో. ఆ జొన్నలు పిండి కావాలంటే ఆడవాళ్ళు చీకటితో లేచి విసరాల్సిందే. ఇంటింటా రాళ్ళు తిరుగుతుంటే మట్టిగోడలు సన్నగా అదిరేవి. పడుకున్న పిల్లలకు ఆ చప్పుడు జోలపాటలా ఉండేదేమో. లేచి కూర్చోవలసిన పిల్లలకు మాత్రం అలా ఉండేది కాదు.

నేను లేచి కూర్చోవలసిన పిల్లని. మా అమ్మ చంకలో తమ్ముణ్ణి వేసుకుని పొయ్యి దగ్గరా గొడ్ల దగ్గరా తిరిగేది. తిరగలి పని మా నాయనమ్మది. ఆమెకు ఎదురుగా కూర్చుని, ఆమె పట్టుకున్న పిడి మీదే నా చెయ్యి కూడా వేసి తిప్పడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. నిద్రమత్తులో తల వాలిపోతుంటే నాయనమ్మ తిట్టేది కాదు. ఇంకో చేత్తో నా గడ్డం పైకెత్తి, గుప్పెడు జొన్నలు రాతి నోట్లో పోసేది.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. మాకు చుట్టం కాదు, వరసకు పెద్దమ్మ. మొగుడు పోయాడు, బిడ్డలు లేరు. పెద్ద రైతుల ఇళ్ళకు వెళ్ళి జొన్నలూ కందులూ విసిరిపెట్టి, వాళ్ళు కొలిచి ఇచ్చిన గింజలతో బతికేది. ఆమె రాయి తిప్పితే గాలి తిప్పినట్టు ఉండేది. పిండి పౌడరులా పడేది. ఊళ్ళో ఏ ఇంట పెళ్ళి కుదిరినా ముందు ఆమెకే కబురు వెళ్ళేది.

ఊరి చివర, ఊరివాళ్ళు మైల అని దూరం పెట్టిన పేటలో, చర్చి పాకలో, మిషనువాళ్ళ బడి ఒకటి ఉండేది. ఒక పంతులమ్మ చెప్పేది. పిట్టలు తోలడానికి చేలోకి వెళుతూ ఆ పాక పక్కగా నడిచేదాన్ని. లోపల పిల్లలు గొంతెత్తి అక్షరాలు వల్లెవేస్తుంటే నా అడుగులు వాటంతటవే నెమ్మదించేవి. కొన్నాళ్ళకు ఆ వరస నాకూ నోటికి వచ్చేసింది. ఏ శబ్దానికి ఏ రూపమో తెలియదు. ఒకనాడు తిరగలి దగ్గర నాకు తెలియకుండానే ఆ వరస అప్పజెప్పాను. నాయనమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది. 

మా నాయన నన్ను బడికి పంపనని ఎప్పుడూ అనలేదు. పొద్దు చాలదు అనేవాడు, అంతే. అది నిజమే కూడా. రాయి దగ్గర నుంచి లేచేసరికి బారెడు పొద్దెక్కేది. ఆ తర్వాత చేనుండేది. చాలని పొద్దును నాయన మాత్రం ఎక్కడి నుంచి తేగలడు?

రెండో పెద్ద యుద్ధం ముగిసిన కొత్తల్లో, కోటప్పకొండ తిరునాళ్ళకు కాస్త ముందు, మా ఊరి షావుకారు నరసరావుపేట నుంచి ఆయిలింజను తెప్పించాడు. జోడెడ్ల బండి మీద, మోకులతో కట్టి తెచ్చారు. దించేటప్పుడు మగవాళ్ళంతా పట్టుకున్నా చెమటలు కక్కారు. దానికి బెల్టు తగిలించి, రెండో కొసను పిండిమరకు తగిలించారు. చక్రం తిప్పి వదిలేసరికి పొగగొట్టంలోంచి టక్ టక్ మని మొదలైన చప్పుడు ఊరు దాటి చేల దాకా వినిపించింది. కట్టేసిన గొడ్లు పలుపులు తెంపుకున్నాయి. మొదటిరోజు షావుకారు ఊరికే ఆడించిపెడతానంటే అందరం గంపలతో వెళ్ళాం. పైన తొట్టిలో జొన్నలు పోసిన కాసేపటికి కింద పిండి దిగిపోయింది. మా ఇంట్లో రెండు తెల్లవారుజాములు పట్టే పని, మేం నిలబడి చూస్తుండగానే.

ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. మర పిండి వేడి చేస్తుందన్నారు. బలముండదన్నారు, రొట్టె విరిగిపోతుందన్నారు. మా నాయనమ్మ మాటంటే ఇరుగుపొరుగుకు గురి. ఆ సాయంత్రం ఆమె మర పిండితో రొట్టె చేసి తింటుంటే నలుగురు ఆడవాళ్ళు మా పంచలో కూర్చుని చూశారు. నిదానంగా నమిలి మింగి, చెయ్యి కడుక్కుని, "రొట్టెలో తేడా ఏం లేదు. నా భుజంలోనే ఉంది తేడా," అంది. అందరూ నవ్వారు. ఎదురింటి పెద్దమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె నవ్వలేదని అప్పుడు నేను గమనించలేదు. నాయనమ్మ గమనించింది.

ఆ రాత్రే తిండి దగ్గర మా నాయన సంతోషంగా లెక్క తేల్చాడు. మిరపకాయ పండి చెట్టున ఎండిపోతోంది, కూలీలు దొరకడం లేదు, ఇక పిల్లకు తిరగలి పని లేదు కాబట్టి రేపటి నుంచి తెల్లారుతూనే తనతో కోతకు వస్తుందని చెప్పాడు. అమ్మ సరేనంది. నాయన చెడ్డవాడు కాదు. మిగిలిన చేతులు పనిలో పెట్టడం తప్ప రైతుకు ఇంకో ఆలోచన తోచని రోజులవి. మర చప్పుడు విన్నప్పటి నుంచీ నా మనసులో ఒక ఆశ లేచి కూర్చుంది. ఆ మాటతో అది చప్పుడు లేకుండా పడుకుంది.  

మర్నాడు ఆమె నన్ను అలవాటు వేళకే లేపింది. విసరడానికి జొన్నలు లేవు. దీపం ముందు కూర్చోబెట్టి, తలకు ఆముదం రాసి, చిక్కులు తీసి, జడ బిగించి వేసింది. ఉన్నదాంట్లో మంచి పరికిణీ కట్టించింది. మిరపకోతకు ఇంత ముస్తాబు ఏమిటో నాకు అర్థం కాలేదు. నాయన గోతాలు భుజాన వేసుకుని బయలుదేరుతుంటే అప్పుడు చెప్పింది.

"ఒరేయ్, పిల్ల చేలోకి రాదు. బడికి పోద్ది."

నాయన ఆగిపోయాడు. కాయ రాలిపోతుంటే ఇప్పుడు బడేందమ్మా అన్నాడు.

"ఇన్నాళ్ళూ పొద్దు చాలటల్లేదన్నావు. కాదన్లేదు. ఇప్పుడు పొద్దు మిగిలింది. మిగిలింది నీదని నీకెవరు చెప్పారు? అది నేనూ ఇదీ రాయి తిప్పి అరగదీసుకున్న పొద్దురా. నా వంతు కూడా దీనికే ఇస్తన్నా."

 నాయన గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు. మన వైపు ఆడపిల్ల ఒక్కతీ ఆ పేట బడికి పోవడం లేదు, నలుగురూ ఏమంటారని.

"నిన్న మర కాడ పేట జొన్నలూ మన జొన్నలూ ఒకటే రాయి కిందకి పొయ్యాయి. ఆ పిండి రొట్టె రాత్రి నువ్వు తిన్నావు. ఆడ లేని మైల బడి కాడ యాడ నుంచి వచ్చింది?"

 నాయన మాట కోత మీదికి మళ్ళింది. మరి పని ఎట్టా అన్నాడు, కోపంగా కాదు, నిజంగా దారి తెలియక.

"పిల్ల బదులు నేనొస్తా," అంది నాయనమ్మ.

మా తాత పోయాక ఆమె చేలోకి దిగలేదు. నడుము వంగితే లేవడానికి గోడ ఆసరా కావలసిన వయసు. నాయన వద్దన్నాడు, అమ్మ కూడా వద్దంది. ఆమె వినలేదు. ముందు నన్ను చెయ్యి పట్టుకుని పేట దాకా తీసుకెళ్ళింది. పంతులమ్మ పాక ముందు ఊడుస్తోంది. మా ఇద్దరినీ చూసి చీపురు పక్కన పెట్టి, ఆశ్చర్యం బయటికి కనపడనీయకుండా లోపలికి పిలిచింది. నాయనమ్మ లోపలికి వెళ్ళింది, ఈతచాప మీద పిల్లల మధ్య నన్ను కూర్చోబెట్టింది, నా తల నిమిరి చేలోకి వెళ్ళిపోయింది. పంతులమ్మ ఇచ్చిన బలపాన్ని నేను తిరగలి పిడిలా పట్టుకున్నాను. పలక మీద పెట్టగానే విరిగింది. ఇంకో ముక్క ఇచ్చి, నా వేళ్ళను ఒక్కొక్కటిగా వదులు చేసింది. గట్టిగా పట్టుకోవడమే తెలిసిన చేతికి, మెల్లగా పట్టుకోవడం నేర్పడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది.

సాయంత్రం నాయనమ్మ చేలోంచి వచ్చింది. మిరపకాయల ఘాటుకు ఆమె చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అమ్మ మజ్జిగలో ముంచి ఉంచింది, ఆముదం రాసింది. మంట తగ్గలేదు. రొట్టె తుంచుకోవడానికి వేళ్ళు వంచలేకపోతుంటే నేనే తుంచి నోట్లో పెట్టాను. నాకు ఏడుపొచ్చింది. రేపటి నుంచి బడి మానేసి నేనే వస్తానన్నాను.

"నువ్వు మానేస్తే ఈ చేతులు ఊరికే మండినట్టు. ఇయ్యాల పంతులమ్మ ఏం చెప్పిందో అది చెప్పు," అంది.

కోత ముగిసేదాకా ఆమె నా బదులు వెళ్ళింది. మరుసటి ఏడూ వెళ్ళింది. నేను చూస్తుండగానే ఆమె నడుము ఇంకాస్త వంగింది. మొదట్లో మూతి విరిచినవాళ్ళు నెమ్మదిగా తమ పిల్లల్నీ పంపసాగారు. రెండేళ్ళు తిరిగేసరికి మా వీధి ఆడపిల్లలం ఆ ఈతచాపల మీద ఒక వరసే అయ్యాం.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మర వచ్చినప్పటి నుంచీ ఎదురింటి పెద్దమ్మను పిలిచేవాళ్ళు లేరు. ఉదయమంతా గడప మీద కూర్చుని, పని లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని వీధి చూసేది. మా నాయనమ్మ మాత్రం మా జొన్నల్లో సగం మరకు పంపి, సగం ఆమెకు పంపేది. కాసేపట్లో అయ్యే పనికి ఇదంతా ఎందుకని నాయన అడిగాడు. "మరకి ఆకలెయ్యదురా," అంది, అంతే.

మా ఒక్క ఇంటి సగం గింజలతో ఒక మనిషి బతకదని ఆమెకూ తెలుసు. ఒకరోజు షావుకారు దగ్గరికి వెళ్ళింది. మర దగ్గర అంతా మగవాళ్ళే ఉంటే కోడళ్ళు రావడానికి సిగ్గుపడుతున్నారని, రాళ్ళు ఏరడానికీ పిండి జల్లించడానికీ ఒక ఆడమనిషి ఉండాలని నచ్చజెప్పింది. ఆయన పెద్దమ్మను పెట్టుకున్నాడు. ఆ కొన్నాళ్ళూ పెద్దమ్మ ముఖం తేటపడింది. తర్వాత షావుకారు చుట్టాలెవరో పొరుగూరి నుంచి వచ్చి చేరారు. ఆ పని వాళ్ళ ఇంటి ఆడవాళ్ళకు వెళ్ళిపోయింది. నాయనమ్మ మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆయన బయటికే రాలేదు.

మాచర్లలో తమ్ముడున్నాడని, అక్కడికి వెళ్ళిపోతానని పెద్దమ్మ ఒకనాడు మూట కట్టుకుంది. బండి వీధిలో నిలబడి ఉండగా మా ఇంటికొచ్చింది. నేను పలక పట్టుకుని బడికి బయలుదేరుతున్నాను. నా తల మీద చెయ్యి వేసింది. బరువైన చెయ్యి.

"బాగా సదువుకోవే. నా పని పోయినందుకు ఎవరికో ఒకరికన్నా మంచి జరగాల," అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తేలికగా మోసేదాన్నేమో. బండి కనపడినంతసేపూ నాయనమ్మ వీధిలోనే నిలబడింది. ఆ రోజు ఆమె ముద్ద ముట్టలేదు. సాయంత్రం పక్కన కూర్చుని, అసలు మర మంచిదా చెడ్డదా అని అడిగాను. 

"మరనడిగితే ఏం చెబుద్దే? మనుషుల్నడగాలి. నీకు మంచి జరిగింది. దానికి జరగలా. రెండూ మనుషులు చేసిందే," అంది. ఎదురింటి మూసిన తలుపు వైపు చూస్తూ, "దాని సంగతి నేను ఇంకా ముందే అడగాల్సింది," అంది.

నేను చదువుకుని పంతులమ్మనే అయ్యాను. మొదటి ఉద్యోగం మాచర్ల వైపు ఇచ్చారు. చేరిన వారంలోనే పెద్దమ్మ కోసం వాకబు చేశాను. ఆమె పోయి అప్పటికే చాలా కాలమైందన్నారు. ఆ తర్వాత నా కళ్ళ ముందే సాగరు నీళ్ళొచ్చాయి, కరెంటు మోటార్లొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి వీపు నిటారుగా లేచింది, ఎవరో ఒకరి చేతులు ఒళ్ళోకి దిగాయి. బడికి పిల్లల్ని పిలుచుకురావడానికి ఇళ్ళకు వెళ్ళినప్పుడు నేను రెండు రకాల గుమ్మాల దగ్గరా ఆగేదాన్ని.

పోయిన ఎండాకాలం హైదరాబాదు నుంచి మనవరాలు వచ్చింది. ఆఫీసులో రోజంతా పట్టే రాతకోతలు ఇప్పుడు కంప్యూటరే తనంతట తాను గంటలో తేల్చేస్తోందని మురిసిపోతూ చెప్పింది. మిగిలిన పొద్దంతా ఏం చేస్తావే అని అడిగాను. ఇంకో పని ఇస్తారు జేజమ్మా అంది. ఆఫీసులో నీ పక్క కుర్చీ అమ్మాయి గురించి చెబుతుండేదానివి, ఆమె బాగుందా అని అడిగాను. మనవరాలు గోళ్ళు చూసుకుంటూ, ఆ అమ్మాయిని ఇక పనికి రావద్దన్నారని నెమ్మదిగా చెప్పింది. ఆమెకు ఒకసారి ఫోను చెయ్యమన్నాను. అప్పుడే, నా ముందే చేసింది. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

నాకు అక్షరం ఊరికే రాలేదు. ఒక ముసలామె చేతులు మండితే వచ్చింది, ఇంకొకామె పొయ్యి ఆరిపోతే వచ్చింది. మొదటి ఆమె రుణం పిల్లలకు చదువు చెప్పి కొంత తీర్చుకున్నాననుకుంటాను. రెండో ఆమెది తీరేది కాదు. అందుకే లోకం ముందుకు పోతోందని ఎవరు సంబరంగా చెప్పినా వింటాను, సంతోషిస్తాను, విన్నాక వెనక ఎవరు ఆగిపోయారని అడుగుతాను.