బుడగ లేచిన చోట

మాచర్ల బస్టాండు పక్కన పంక్చర్లు వేసే మౌలాలీ, ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ లేచిన చోట బొటనవేలు నొక్కిపెట్టాకగానీ ఎవరితోనూ మాట్లాడడు. ఊళ్లోని డైవింగ్ క్లబ్బులో చేరాక ఆదివారాలు నీళ్లు నిండిన పాత క్వారీలో మునుగుతున్నాడు. మొన్న, రెండేసి సిలిండర్లతో లోతుకు దిగే టెక్నికల్ డైవింగ్‌కు పరీక్ష పెట్టారు. నీళ్లడుగున కోచ్ వీరాంజనేయులు ఊపిరి వదిలితే, నోటి గొట్టం దగ్గర బుడగలు లేచాయి. మౌలాలీ బొటనవేళ్లు వాటంతటవే వెళ్లి అక్కడ నొక్కేశాయి.

గట్టెక్కి, దగ్గు ఆగాక కోచ్ అడిగాడు. "ఏంది మౌలాలీ, నన్ను చంపుదామనా?"

"లీకు సార్. బుడగలు వస్తన్నాయి గదా."

"అది నా ఊపిరయ్యా. నీ నోట్లోంచీ వస్తన్నాయిగా, అవి కనబళ్లా?"

మౌలాలీ చేతులు తుడుచుకున్నాడు. "ముందు కస్టమర్ది చూసి, తర్వాత మనది చూసుకుందామనుకున్నా సార్."