ఊరేగింపు కారులో నిలిచిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇనుప కప్పు లేని కారు ఒకటి ఉండేది. పైన దళసరి కాన్వాసు గుడ్డ. వానొస్తే లాగి కప్పేవారు, లేకపోతే మడిచి వెనక్కి నెట్టేవారు. మా నాన్న దాన్ని నరసాపురం చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపులకు నడిపేవారు. ముందు బ్యాండు మేళం, వెనక సీటులో వధూవరులు, దారి పొడవునా వాళ్ళ మీద పడే పూలూ అక్షింతలూ. మా ఇల్లు గడిచింది ఆ కారుతోనే.

ఒక వేసవి చివర నాన్న జ్వరంతో మంచం పట్టి మళ్ళీ లేవలేదు. ఆ తరవాత కారు ఇంటి పక్క ఖాళీ స్థలంలో అలాగే ఉండిపోయింది. అద్దం దగ్గర ఆయన పెట్టుకున్న అగ్గిపెట్టెను కూడా అమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆయన ఉంచినవి ఆయన ఉంచినట్టే ఉండాలనేది.

వానలు మొదలయ్యాక కారు లోపల నీళ్ళు చేరాయి. కాన్వాసు చిరిగి కారుతోందనుకుంది అమ్మ. ఆవిడ లేసు అల్లే మనిషి, వేళ్ళు సూదికి అలవాటుపడ్డవి. కనిపించిన ప్రతి చిన్న చిల్లికీ మాసిక వేసింది. పైన టార్పాలిన్ కప్పింది, గాలికి అది ఎగిరిపోయింది. మర్నాడు చూస్తే మళ్ళీ మడమలు మునిగేటన్ని నీళ్ళు. సీటు కింద బూజు, కుళ్ళిన కొబ్బరిపీచు వాసన.

శ్రావణం పెళ్ళిళ్ళకి కారు నడిపిపెడతానని మా పెదనాన్న మాటిచ్చారు. ఒకరోజు వచ్చి తలుపు తీయగానే నీళ్ళు ఆయన పంచె మీదికి జారాయి.

"ఇది కారా, చేపల చెరువా అమ్మా? ఇందులో పెళ్ళికూతుర్ని ఎలా కూచోబెడతాం? వచ్చే వారానికి ఆరకపోతే పాత ఇనుముకి ఇచ్చేద్దాం," అన్నారు.

ఆయన మాటలో తప్పు లేదు. అయినా నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను. ఆ స్టీరింగు మీద అప్పటికింకా నాన్న చేతి నూనె మరకలున్నాయి.

అమ్మ కబురు పెడితే మా తాతయ్య, అంటే అమ్మ నాన్నగారు, పంటు పడవ మీద గోదావరి దాటి వచ్చారు. ఆయనది కోనసీమ పల్లపు వ్యవసాయం. కార్ల గురించి ఆయనకేమీ తెలియదు, ఆ మాట ఆయనే ముందుగా చెప్పారు. అమ్మ వేసిన మాసికలన్నీ తడిమి చూశారు.

"కుట్టు బాగానే ఉందమ్మాయ్. కానీ చేను మునిగితే మనం వానని ఆపుతామా? మురుగు ఎటు పోవాలో చూస్తాం. దీని మురుగు దారేది?"

ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు.

ఆయన నన్ను వెనక సీటులో కూర్చోబెట్టి కప్పు మూశారు. "నీళ్ళు ఎక్కడ కనపడితే అక్కడ చెప్పవే. నిద్రపోయావో, తరవాతి చెంబు నీ నెత్తి మీదే," అని బయటినుంచి చెంబుతో మెల్లగా పోయడం మొదలుపెట్టారు. గుడ్డ మీద నీళ్ళు జారి సీటు వెనక ఉన్న రేకు గాడిలోకి చేరాయి. అవి అక్కడే నిలిచి, గాడి నిండి, అంచు దాటి సీటు మీదికి పొర్లాయి. నేను కేక వేశాను.

ఆ గాడికి రెండు చివరలా రెండు చిల్లులు, వాటినుంచి కిందికి రబ్బరు గొట్టాలు ఉన్నాయి. ఇనుప చువ్వ పెడితే రబ్బరు చిరుగుతుందని తాతయ్య చీపురునుంచి కొబ్బరి ఈనెలు లాగారు. కుడి గొట్టంలోంచి నల్లబడిన బంతిపూల రేకులు, నాని ముద్దయిన అక్షింతలు వచ్చాయి. ఎన్నో పెళ్ళిళ్ళవి. నీళ్ళు గుడగుడమంటూ దిగిపోయాయి.

ఎడమ చిల్లులో ఈనె కదల్లేదు. తాతయ్య వేలు పెట్టి లాగితే గుడ్డ ఉండ వచ్చింది. అది నాన్న తువ్వాలు ముక్క.

"తీయకండి నాన్నా! అది ఆయన పెట్టింది. మళ్ళీ అక్కడే పెట్టండి," అంది అమ్మ. ఆవిడ గొంతు అంత పెద్దగా విని చాలా రోజులైంది.

తాతయ్య ఆ గుడ్డను అరచేతిలోనే ఉంచుకుని, ఎందుకు పెట్టారో చెప్పమన్నారు. అమ్మ ఆగి ఆగి చెప్పింది. నాన్న నడిపిన చివరి పెళ్ళిళ్ళలో ఒకదానికి అకాలంగా జల్లు పడిందట. పెళ్ళికూతురు ఎడమవైపు దిగుతుంటే ఆ గొట్టంలోని మురికినీళ్ళు ఆమె పాదాల మీద పడి పారాణి చెరిగిపోయిందట. మగపెళ్ళివారు నానా మాటలూ అన్నారట. ఆ రాత్రే ఆయన తువ్వాలు చింపి అందులో కుక్కారట. ఈ నీళ్ళకీ దానికీ సంబంధం ఉందని అమ్మకి తోచనేలేదు.

తాతయ్య ఆ గుడ్డను విప్పి చూశారు. అల్లుడు తప్పు చేశాడని గానీ, తప్పేమీ లేదని గానీ అనలేదు.

"ఆ పిల్ల కాళ్ళ కోసం పెట్టారమ్మా. వానాకాలం రాగానే తీసేద్దామనే అనుకుని ఉంటారు. తీసే టైము ఆయనకి దొరకలేదు. ఆ మిగిలిన పని మనం చేద్దాం."

నాన్న పోయాక అమ్మ మా ఎదుట ఏడవడం అదే మొదటిసారి. కారు పక్కన మట్టిలోనే కూలబడి ఏడ్చింది. తాతయ్య ఆపలేదు. ఆ గుడ్డను ఉతికి దండెం మీద ఆరేశారు. తరవాత ఎడమవైపు పాత గొట్టానికి కొత్త ముక్క తగిలించి, నీళ్ళు తలుపు దగ్గర కాకుండా చక్రం వెనక పడేలా తిప్పారు. ఆ అతుకు చుట్టూ లేసు దారం బిగించి కట్టింది అమ్మే.

కారు శ్రావణంలో వానలోనే ఊరేగింపుకి వెళ్ళింది, లోపల పొడిగానే ఉంది. ఆ తరవాత చాలా ఏళ్ళు ప్రతి ముహూర్తాల కాలానికీ ముందు అమ్మ ఆ గొట్టాలు శుభ్రం చేసేది. పూలు కట్టేవాళ్ళు రాగానే మాత్రం, ఎవరూ చెప్పకుండానే, లోపలికి వెళ్ళిపోయేది.

నిరుడు మా ఆయన పోయారు. పక్కింటి పిల్లి దూరుతోందని ఆయన ఎప్పుడో మా వంటింటి కిటికీకి మేకులు కొట్టేశారు. ఆ పిల్లి చచ్చిపోయి కూడా చాలా కాలమైంది. తమ నాన్న కొట్టిన మేకులని నా పిల్లలు వాటి జోలికి పోరు. ఈ వేసవిలో వంటింట్లో ఊపిరాడక నేనే పట్టకారు తీసుకుని ఒక్కొక్కటే లాగాను. మధ్యలో ఏడుపొచ్చింది. ఏడుపొచ్చిందని పని ఆపలేదు, వాటిని తీస్తే ఆయనకు దూరమవుతాననీ అనుకోలేదు. పోయినవాళ్ళ చేతి పనిని ఇలా సరిదిద్దవచ్చని చిన్నప్పుడే తాతయ్య నాకు చూపించారు. కిటికీ తెరిచి, వంట మొదలుపెట్టాను.