ఐదు తీగల్లో మూడోది

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, సెప్టెంబరులో వచ్చే లేబర్ డే సెలవు మర్నాడు, కెనడాలో బర్నబీలోని మా కమ్యూనిటీ రేడియో స్టేషన్ వారు నన్ను ‘నార్డిక్ అరగంట’ అనే కార్యక్రమానికి టెక్నీషియన్‌గా వేశారు. ఫిన్లాండ్, స్వీడన్, నార్వే దేశాల జానపద సంగీతం అంటే చెవి కోసుకునే పాతిక మంది, నెలకొక ఆదివారం ఒక చర్చి బేస్‌మెంట్‌లో కలిసేవారు. వాళ్ల వాయింపు రికార్డు చేసి, అరగంటకు కుదించి, ప్రసారానికి ఇవ్వడం నా పని. ఆదివారం డ్యూటీ కనుక ఎవరూ అడిగి తీసుకోలేదు.

నా హోదా ఆడియో టెక్నీషియన్, రెండో గ్రేడు. మొదటి గ్రేడుకు డిప్లొమా కావాలి. నా చదువు రాజమండ్రిలో ఒక రేడియో రిపేరు షాపులో, ముక్కాలి పీట మీద, చేతిలో సోల్డరింగ్ ఐరన్‌తో జరిగింది. నర్సు ఉద్యోగానికి వచ్చిన నా భార్య వెనక ఈ దేశం వచ్చి, టేపు యంత్రాల గురించి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. నా దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు నా కళ్ల ముందే మొదటి గ్రేడుకు వెళ్లారు. రికార్డు కోసం రాస్తున్నాను, అంతే.

ఆ అభిమానుల పద్ధతి మొదట నాకు వింతగా ఉండేది. కాగితం మీద స్వరాలు చూసి వాయించడం వాళ్లకు నామర్దా. ఒకరు ఒక బాణీ అందుకుంటారు. మిగతావాళ్లు వింటూ, పట్టుబడినవాళ్లు పట్టుబడినట్టు కలుస్తారు. నాలుగో ఆవర్తానికి గది మొత్తం అదే బాణీ మోగుతుంది. ఆపైన ఏలకుల రొట్టె, కాఫీ, వాదన. ఈ బాణీ ఏ లోయది, ఫిడేలు కమాను ఎటు లాగాలి, కాలు ఎక్కడ తట్టాలి. లెన్నార్ట్ అనే స్వీడన్ ఫిడేలు వాద్యకారుడు, రిటైరైన బస్సు డ్రైవరు, ఆ వాదనలకు పెద్ద. నేను ఏ వాదనలోనూ కలిసేవాణ్ణి కాదు. వాయింపు ఆగగానే హెడ్‌ఫోన్ తీసి కేబుళ్లు చుట్టుకునేవాణ్ణి. సగం తప్పు అక్కడే ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ గుంపులో ఐలా అనే ఫిన్నిష్ ఆవిడ ఉండేది. అప్పటికే ఎనభై దాటింది. ఒళ్లో పెట్టుకుని వేళ్లతో మీటే ఐదు తీగల చెక్క వాయిద్యం, కాంతెలె, ఆవిడ డెబ్భై దాటాక మొదలుపెట్టింది. ఆ చలికాలం ఒక టేపు రీలు నా చేతికిచ్చింది. 1970ల్లో ఉత్తర ఒంటారియోలోని తమ ఇంట్లో వాళ్లమ్మ కాంతెలె వాయిస్తుండగా అన్నయ్య రికార్డు చేసిన ఐదు బాణీలు అందులో ఉన్నాయట. వేరే కాపీ లేదు, విందామంటే ఇంట్లో యంత్రమూ లేదు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తే గుంపు నేర్చుకుంటుందని అడిగింది. శ్రోతల పాత టేపులు ఉచితంగా దించిపెట్టే పథకం ఒకటి మా స్టేషన్‌లో ఉండేది, మనిషికి ఒక్కసారి చొప్పున.

ఆ కాలపు టేపులకు ఒక జబ్బుంది. పూత తేమ పీల్చి జిగురవుతుంది. అలాగే తిప్పితే పూత ఊడి యంత్రానికి అంటుకుపోతుంది. కూరగాయలు ఎండబెట్టే డీహైడ్రేటర్‌లో సన్నటి వేడి మీద ఎనిమిది గంటలు ఆరబెడితే కొద్ది వారాలు నిలుస్తుంది. అలా ఆరబెట్టి, టేపును చదివే హెడ్ వాలు సరిచేసి, కంప్యూటర్‌లోకి దించాను. వేగం సరిగా ఉందో లేదో తేల్చడానికి ఒక కిటుకుంది. రికార్డులో వెనక సన్నగా వినిపించే కరెంటు గుయ్యిమనే చప్పుడు ఈ దేశంలో సెకనుకు అరవై సార్లు కంపించాలి. కొలిచాను. సరిగ్గా అరవై. వేగంలో లోపం లేదు.

అయినా మూడో తీగ నా చెవికి గుచ్చుకుంది. కర్ణాటక సంగీతం లెక్కలో చెప్పాలంటే అది కింది సాధారణ గాంధారమూ కాదు, పై అంతర గాంధారమూ కాదు, రెంటి మధ్య నిలబడి ఉంది. వేగం సరి కనుక తప్పు తీగది అని తీర్మానించాను. పాపం, తీగ సడలి ఉంటుంది, పెద్దావిడ చూసుకుని ఉండదు అనుకున్నాను.

శబ్దాన్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ మా డిజిటల్ విభాగంలో సాహితి చేతిలో ఉండేది. వరంగల్ అమ్మాయి, వాటర్లూ యూనివర్సిటీలో మాస్టర్స్, నాకంటే రెండు హోదాలు పైన. ఆ తీగ మోగిన చోటల్లా కొంచెం పైకి జరిపి అంతర గాంధారం చెయ్యమన్నాను.

“అంకుల్, అది వాళ్ల స్టైల్ అయ్యుండొచ్చు కదా? ఒకసారి ఆ ఐలా ఆంటీకి కాల్ చేసి కనుక్కోరాదుండ్రి.”

“నలభై ఏళ్లుగా వింటున్న చెవమ్మా ఇది. తీగ దిగిందో లేదో ఒకర్ని అడగాలా?”

“సరే. మరి లాగ్‌లో ఎంటర్ చేయాల్నా, పిచ్ ఎడిట్ చేసినమని?”

“మరక తుడిచినదానికి లాగ్ దేనికి?”

సాహితి చేసిపెట్టింది. ఫైలు లింకు లెన్నార్ట్‌కు పంపాను, రీలు ఐలాకు తిరిగిచ్చాను, డెలివరీ పత్రం మీద సంతకం చేశాను. సంతకం పడ్డ పద్నాలుగు రోజులకు దిద్దని అసలు ఫైలు సర్వర్ నుంచి దానంతటదే చెరిగిపోతుంది. కాపీలు ఇంటికి తీసుకెళ్లకూడదని కొత్త మేనేజరు రూలు పెట్టాడు. జీవితమంతా కాపీలు దాచుకున్న నేను ఆ ఒక్కసారి రూలు పాటించాను.

తర్వాతి ఆదివారం సమావేశం మూడు వారాలకు పడింది. లెన్నార్ట్ లింకును అందరికీ పంపేశాడు. చాలామంది అప్పటికే బాణీలు నేర్చేసుకున్నారు. ఐలా మాత్రం వినలేదు. అమ్మ వాయింపు అందరితో కలిసి వింటానని ఆగింది. స్పీకర్లు పెట్టి మొదటి బాణీ వేశాను. అది అయిపోయాక కూడా ఆవిడ తల వంచుకునే ఉంది. లెన్నార్ట్ లేచి నవ్వాడు.

“చూశావా ఐలా? పదేళ్లుగా మొత్తుకుంటున్నాను. మీ అమ్మ మూడో తీగ అందరి తీగ లాంటిదే. మధ్యలో ఏమీ లేదు. కాఫీ పందెం ఓడిపోయావు నువ్వు.”

అప్పుడు తెలిసింది నాకు, వాళ్ల వాదన సంగతి. అమ్మ మూడో తీగను ఎటూ కాకుండా మధ్యలో కట్టేదని ఐలా ఏళ్ల తరబడి చెబుతోందట. ఎక్కడన్నది ఖచ్చితంగా గుర్తులేదు. తన కాంతెలె మీద ఎంత వెతికినా దొరకలేదు. ముసలిదాని భ్రమ అని కొందరు అనేవారట. ఆ టేపే సాక్ష్యమని తెచ్చింది.

ఐలా కాంతెలె సంచిలో పెట్టేసుకుంటూ నెమ్మదిగా అంది: “అయితే నేనే తప్పు గుర్తుపెట్టుకున్నాను. డెబ్భై ఏళ్లు.”

గదిలో నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లేచి చెప్పాను. ఆ తీగ మధ్యలోనే ఉంది, తప్పనుకుని నేనే జరిపించాను అని.

“నిన్నెవరు అడిగారు, మిస్టర్ రావ్?” అంది ఐలా. గొంతు పెంచలేదు.

లెన్నార్ట్ మాత్రం ఊరుకోలేదు. “మా లోయలో పుట్టి ఉంటే నీకు ఫిడేలు కాదు, ఫిడేలు పెట్టె కూడా ముట్టనిచ్చేవాళ్లం కాదయ్యా!” అన్నాడు. తమ ఊరి పాత ఫిడేళ్లలో కూడా అలాంటి మధ్య స్వరాలుంటాయని అరగంట వినిపించాడు. మరి పదేళ్లుగా ఐలాను ఎందుకు నమ్మలేదని నేను అడిగాను. ఫిడేలు పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

సోమవారం సర్వర్ వెతికించాను. “పోయింది అంకుల్. బ్యాకప్‌ల కూడా లేదు,” అంది సాహితి. రెండోసారి దించడానికి మేనేజరు ఒప్పుకోలేదు. పని ముగిసినట్టు సంతకం ఉంది, ఆ సంతకం నాదే. మూడు పేజీల ఉత్తరం రాసి, పద్నాలుగు రోజుల నియమం పెట్టినవాడు జన్మలో ఒక్క రీలు తిప్పి ఉండడని అందులో పేర్కొన్నాను. దానివల్ల నాకు మెమో వచ్చింది.

“మీరిగ లెటర్లు రాయకుండ్రి అంకుల్, దండం పెడ్తా,” అంది సాహితి. “మెషీన్ కాలిబ్రేషన్‌కు ఒక పాత టేపు కావాలని నేను రిక్వెస్ట్ పెడ్తా. ఏ టేపని ఎవ్వరూ అడగరు.” మాస్టర్స్ చదువు మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

ఐలా రీలు మళ్లీ ఇవ్వడానికి వారం ఆలోచించింది. తనను పక్కన నిలబడి చూడనిస్తేనే ఇస్తానంది. మళ్లీ ఆరబెట్టాం. పూత కొంత ఊడింది. మొదటి బాణీ ఎత్తుగడ పోయింది, మిగతావి నిలిచాయి. మూడో తీగ స్వరాన్ని ఒక్కదాన్నే వేరు చేసి పదేపదే మోగేలా పెట్టాను. ఐలా తన కాంతెలె మూడో తీగ బిగించే మరను తిప్పుతూ, వింటూ, మళ్లీ తిప్పుతూ, పది నిమిషాల తర్వాత చెయ్యి తీసేసింది. రెంటికీ మధ్య, పై స్వరానికి వెంట్రుకవాసి దగ్గరగా. “ఇక్కడే!” అంది. అంతే. ఈసారి లాగ్‌లో ప్రతి వివరం రాసి, దిద్దని ఫైలునే ఇచ్చాను. లెన్నార్ట్ కాఫీ పోయించాడు, పందెం ఒప్పుకున్నాడు. పాత ఫైలు చెరిపేయమని అందరికీ రాశాడు.

అందరూ చెరపలేదు. ఇష్టమైన పాట దొరికితే అభిమాని జేబులో దాచుకోడు, పదిమందికి పంపుతాడు. మూడు వారాల్లో ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. నేను రిటైరైన రెండేళ్లకు ఇంటర్నెట్‌లో ఒక కుర్రకారు బృందం రెండో బాణీ వాయిస్తూ కనిపించింది. ‘పాత ఒంటారియో టేపు నుంచి, యథాతథంగా’ అని రాసుకున్నారు. మూడో తీగ నేను జరిపిన చోటే ఉంది. జరిగినదంతా కింద కామెంటుగా రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. వివరాలకు ధన్యవాదాలు, మాకు ఇలాగే బాగుంది అని. ఐలాకు చూపిస్తే చివరిదాకా విని, పిల్లలు బాగా వాయిస్తున్నారు, కానీ అది మా అమ్మది కాదు అంది.

మా వృత్తిలో ఉన్నది ఉన్నట్టు దించడమే మొదటి పని. దిద్దాలనిపిస్తే సొంతదారును అడగాలి, దిద్దని ప్రతి ఒకటి పక్కన ఉంచాలి, దిద్దినట్టు రాయాలి. నేను మూడూ చేయలేదు, డిప్లొమా లేకపోవడం దానికి కారణం కాదు. టేపు మీద పోయినదాన్ని రెండో ప్రయత్నంలో చాలావరకు రాబట్టాం. బయటికి వెళ్లిన తప్పును మాత్రం వెనక్కి తేలేం, దాన్ని ఇప్పుడు ఇష్టపడి వాయించేవాళ్లున్నారు.