బావిలో మిగిలిన చక్రం

తాడు తెగినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిబట్ట దులిపినట్టు ఒక్క శబ్దం వచ్చింది. ఒడ్డుకు మూరెడు దూరం దాకా వచ్చిన ఆయిలింజిన్ తిరిగి బావిలో పడిపోయింది. మొన్న మా వీధిలో సిమెంటు దిమ్మ ఎత్తబోయిన క్రేన్ డ్రైవరు పొట్టి గొలుసులు విప్పి పొడుగువి తగిలించుకోవడం చూశాక, నలభై ఏళ్ల కిందటి ఆ శబ్దం గుర్తొచ్చింది.

బావి మా బాబాయిది. ఆయన కోస్తా నుంచి వచ్చి ఏన్కూరు అవతల, అడవి అంచున పొలం కొని మిరప వేసేవాడు. నీళ్లు లోతుకు పోయినప్పుడు ఇంజిన్‌ను బావి లోపలి మట్టిమెట్టు మీదికి దించి నడిపేవాళ్లు. ఆ ఏడు మెట్టు కుంగి ఇంజిన్ నీళ్లలో పడింది. తోట అప్పుడు నిండు పూత మీద ఉంది. వారం రోజులు తడి లేకపోతే పూతంతా రాలిపోతుంది. సెలవుకు వెళ్లిన నేనూ గొలుసు లాగడానికి నిలబడ్డాను.

బావి మీద అడ్డంగా దూలం వేసి, దానికి తల్లాడ నుంచి తెచ్చిన గొలుసు కప్పీ వేలాడదీశాం. ఇంజిన్ రెండు కొసలకూ కట్టిన రెండు తాళ్లు పైన ఒకే కొక్కేనికి చేరాలి. పక్క గూడెం నుంచి వచ్చిన బావులు తవ్వే పెద్దాయన దిగి, కట్టబోతూ ఆగాడు.

“ఈ తాళ్లు చాలవు పటేలా. అడ్డంగ పరుచుకుంటయ్. ఇంకో రెండు బారలు కావాలె.”

“తాడు పొడుగైతే కొక్కెం దూలానికి తగులుద్ది, ఇంజిన్ ఒడ్డెట్టా ఎక్కుద్దయ్యా? కురచగా బిగించు. బిగువుంటేనే బలం,” అన్నాడు బాబాయి పైనుంచి.

“దూలం ఎత్తు లేపుదం. రేపటికైతది.”

“రేపటిదాకా పూతని నువ్వు పట్టుకుంటావా?”

పెద్దాయన కట్టి పైకి వచ్చేశాడు. తర్వాత జరిగింది చెప్పాను. ఆ సమయానికి లోపల ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

“ఒక్కరోజు ఆగలేకపోయారుగా, ఇప్పుడు ఎన్నాళ్లు ఆగుతారో చూద్దాం,” అంది పిన్ని.

పెద్దాయన బకెట్ నిండా నీళ్లు పోసి, దాని పిడికి రెండు తువ్వాళ్లు కట్టి, ఒకటి బాబాయి చేతికిచ్చాడు. ఇద్దరూ దగ్గరగా నిలబడి సులువుగా ఎత్తారు. “ఇప్పుడు వెనక్కి జరుగు పటేలా.” మూడడుగులకే తువ్వాళ్లు అడ్డంగా సాగాయి. బాబాయి రెండో చెయ్యి కూడా వేశాడు.

“నీళ్లు పెరిగినయా?”

“లేదు.”

“మరి ఈ గుంజుడేంది?”

తాళ్లు నిటారుగా ఉంటే చెరి సగం బరువే మోస్తాయి. వాలినకొద్దీ బరువుతో పాటు ఒకదాన్నొకటి లాగుతాయి. బాగా వాలితే ఒక్కో తాడు మీదా ఇంజిన్ బరువును మించిన లాగుడు పడుతుంది.

మర్నాడు దూలం లేపి, అదే చుట్టలోని తాడు పొడుగ్గా కోసి కట్టారు. ఇంజిన్ ఒడ్డెక్కింది. అయితే రెండోసారి పడ్డప్పుడు రాతికి తగిలి, దాని బరువైన చక్రాల్లో ఒకటి ఊడి బావిలోనే ఉండిపోయింది. బాబాయి వంగి చూశాడు. ముఖం వికసించింది.

“చక్రం పోయిందిగా. అందుకే తెగకుండా వచ్చింది.”

పెద్దాయన బీడీ ముట్టించాడు. “అవ్, గట్లనే అనుకో పటేలా.”

ఖమ్మం నుంచి కొత్త చక్రం వచ్చి ఇంజిన్ నడిచేసరికి సగం పూత రాలిపోయింది. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా, ఎదురుపడితే చాలు, తాడు నిలిచింది పొడుగు వల్లా, చక్రం పోవడం వల్లా అని ఇద్దరూ వాదనకు దిగేవారు. చక్రం తీసి తూకం వేస్తే తేలిపోతుందని ఒప్పుకున్నారు కూడా. దిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. తర్వాత బోరు వేశారు, బావి పూడ్చారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. చక్రం ఆ మట్టి కిందే ఉంది. దాని బరువెంతో ఎవరూ తూచలేదు.