ఎండకు పెట్టిన టిష్యూ ప్యాకెట్

భూమధ్యరేఖ పక్కన కాపురం పెట్టుకుని కూడా మా అమ్మాయికి డి విటమిన్ తక్కువైంది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరిగినట్టుంది మా బతుకు. పదకొండేళ్ల పిల్ల బడి మెట్ల దగ్గర తూలి పడితే మణికట్టు ఎముక చిట్లింది. రక్త పరీక్ష చూసిన డాక్టర్ మాత్రలు రాసి, "రోజూ కాసేపు ఎండ తగలనివ్వండి, మాడిపోయేంత వద్దు" అంది.

నాకు సిగ్గేసింది. నడక వచ్చినప్పటి నుంచి "నల్లబడతావే" అంటూ ఆ పిల్లను గొడుగు కింద పెంచింది నేనే. యూ టీ రైలు స్టేషన్ నుంచి ఇంటికి వచ్చే దారికి పైకప్పు ఉంది. దాని కింద కూడా గొడుగు తెరిచేదాన్ని.

మా ఆయనది రాఫెల్స్ ప్లేస్‌లో ఏసీ ఆఫీసు. ఎండను అద్దంలోంచి చూడటమే. అయినా శనివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ల రెండు బ్లాకుల సందులోంచి కింది బెంచీ మీద ఎండ పడుతుందని కనిపెట్టి, మీటింగ్ పెట్టినట్టు క్యాలెండర్‌లో అరగంట పెట్టాడు. ముందుగా వెళ్లి బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ ఉంచి వచ్చాడు. ఇక్కడ హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల దగ్గర, టేబుల్ చోప్ చేసే, అంటే ముందే ఆపి పెట్టుకునే, పద్ధతి అదే. ప్యాకెట్ ఉంటే అక్కడ ఇంకెవరూ కూర్చోరు.

ఈలోగా నేను పిల్లకు సన్‌స్క్రీన్ పట్టించి, పొడుగు చేతుల చొక్కా తొడిగి, టోపీ పెట్టాను. ఎండ కోసం బయల్దేరుతూ ఎండ తగలకుండా అన్ని ఏర్పాట్లూ చేశానన్నమాట. గొడుగు సరేసరి.

మేం దిగేసరికి ప్యాకెట్ పెట్టినచోటే ఉంది. ఎండ మాత్రం పక్క బెంచీకి వెళ్లిపోయింది. అక్కడ బనియన్‌తో ఒక చైనీస్ అంకుల్ పేపర్ చదువుకుంటున్నాడు.

"చోప్ చేశాను కదా" అన్నాడు మా ఆయన, నిజంగానే నొచ్చుకుని.

అంకుల్ ప్యాకెట్‌నీ మమ్మల్నీ చూసి కాస్త జరిగి, ఇక్కడందరూ మాట చివర తగిలించే 'లా'తో అన్నాడు: "సన్ కెనాట్ చోప్ లా. కమ్, సిట్."

మా అమ్మాయి ఎండ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. కట్టు కట్టిన చేతిని నీడలోనే ఉంచుకుని, "అమ్మా, డార్క్ అయిపోతే నువ్వు స్కోల్డ్ చేయవు కదా?" అంది.

ఎముక చిట్లిన రోజున కూడా అది అంత భయంగా మాట్లాడలేదు. నా మీద నాకే కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"చేయనమ్మా" అని గొడుగు ముడిచి, ముందు నేనే వెళ్లి అంకుల్ పక్కన కూర్చున్నాను. అది కూడా వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంది. కాసేపాగి తన టోపీ తీసి నా నెత్తిన పెట్టింది.

"నువ్వు డార్క్ అయిపోతావ్ లా" అంది.