నేను మోయించిన దొర

తూర్పుకు తిరిగి కూర్చున్నాను. ఎడమచేతిలో కొర్రన్నం ముద్ద ఉంది, కుడిచేతిలో కలం ఉంది. నేను రాయబోయే ప్రతి మాటా నిజం. అబద్ధమైతే ఈ ముద్ద నా గొంతు దిగకుండా పోవాలి. నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి ముసిముసిగా నవ్వుతారని తెలుసు. కరువు ఏడాది మడకశిర గాలికి గొర్రెలు ఎగిరిపోకుండా ఒక్కోదాని మెడకు ఒక్కో గుండ్రాయి కట్టారని ఊరూరా చెప్పింది నేనే. ఒక మేఘం మా తాలూకా మీదుగా పోతూ పోతూ ఒక ఎద్దు కుడికొమ్మును మాత్రం తడిపిందని, ఆ కొమ్మును చూడటానికి మూడూళ్ల జనం బండ్లు కట్టుకొని వచ్చారని చెప్పిందీ నేనే. అవి వేరు, ఇది వేరు.

అరవైల మొదట్లో నాకు పాతికేళ్లు దాటాయి. తాలూకా కచేరీ ఎదురుగా టీ అంగడి పక్కన ఒక చెక్కపెట్టె వేసుకొని అర్జీలు రాసేవాణ్ని. తెలుగులో రాసేవాణ్ని, ఇంగ్లీషులోనూ రాసేవాణ్ని. నా అర్జీలో ఆవు చచ్చిపోతే ఒట్టి ఆవు చచ్చిపోయేది కాదు. చూడితో ఉన్న ఆవు, పసిపిల్లలు మెడ పట్టుకొని ఏడుస్తుండగా, వాళ్ల చేతులు నాకుతూ చచ్చిపోయేది. కచేరీలో గుమాస్తాలు మధ్యాహ్నం సంగటి తిన్నాక నా అర్జీలు ఒకరికొకరు చదివి వినిపించుకుంటారని బంట్రోతు చెబితే పొంగిపోయాను. చదివాక ఏం చేస్తారో నేను అడగలేదు.

ఒక సంత రోజున ఒక సాయిబు వచ్చాడు. బత్తలపల్లెకు అవతలి పల్లె అతనిది. యాభై నిండలేదుగానీ ఎండకు ముఖం బీటలు వారి ముసలాడిలా ఉన్నాడు. ఒంటిమీద పాత మిలిటరీ కోటు. గుండీలన్నీ ఊడిపోయి, వాటి చోట పురికొస ముడులున్నాయి.

"ఏమప్పా, ఇంగిలీసు రాసేది నువ్వేనా?"

"నేనే మామా. కూర్చో."

"మిలిటరీకి రాయల్ల. నా బుక్కులో తప్పుండాది." చంకలోంచి మైనపు గుడ్డలో చుట్టిన చిన్న పుస్తకం తీసి, దాన్ని నా చేతికివ్వకుండా పెట్టె మీద పెట్టాడు. సైన్యం నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం అది. అందులో అతను యుద్ధకాలమంతా ఇక్కడే, మన దేశంలోనే, ఒక డిపోలో పనిచేసినట్టు ఉంది. పతకాలు అన్నచోట ఒక అడ్డగీత ఉంది.

అతను చెప్పిన సంగతి ఇది. యుద్ధంలో కంచరగాడిదల దళంతో బర్మాకు పోయాడు. అక్కడ జ్వరం తగిలి స్పృహ లేకుండా ఆసుపత్రి చేరాడు. కాగితాలు దళంతోనే ఉండిపోయాయి. అతను లేచేసరికి దళాన్నే ఎత్తేశారు, అతన్ని ఇక్కడి డిపోకు పంపారు. అక్కడ ఎవరో కొత్త పుస్తకం రాసిచ్చారు, తమ కళ్ల ముందు జరిగినంత వరకే రాశారు. బర్మాకు పోయినవాళ్లకు రావలసిన రెండు పతకాలు అలా పోయాయి.

"ఇన్నేండ్లు ఊరకుండి ఇప్పుడెందుకు మామా?"

"గుట్ట కింద నాలుగెకరాల బంజరు చేస్తాండా, అల్లుడా. పదేండ్లాయ. రాళ్లేరినాము నేనూ నా పెండ్లామూ. ఏరిన రాళ్లతోనే చుట్టూరా గోడ కట్టినా. ఇప్పుడు ఆ బంజరుకు పట్టా ఇస్తారంట. యుద్ధానికి పోయొచ్చినోళ్లకు ముందిస్తారంట. గుమాస్తానడిగితే, 'పుస్తకంలో ల్యాకపోతే నువ్వు యుద్ధానికి పోయినావో, పెండ్లికి పోయినావో నాకేం తెలుసు సాయిబూ' అన్నాడు."

విషయం అదీ. పుస్తకంలో ఆ రెండు పతకాలు ఎక్కితే పొలం అతనిది. ఎక్కకపోతే పోతుంది. పట్టాలిచ్చేవాళ్ల జాబితా కట్టేలోగా పని కావాలి.

"సరే, యుద్ధంలో ఏం చేసినావో చెప్పు" అని కలం తీశాను.

"నడిచినాం."

"ఇంగా?"

"శానా నడిచినాం. వాన. అట్లాంటి వాన ఈడ నేనెప్పుడూ చూడ్ల్యా. జలగలు. నాకు రెండు ఖచ్చర్లు, అవే కంచరగాడిదలు, ఇచ్చినారు. మందుగుండు పెట్టెలు మోసేవి. ఒగదాని గిట్ట మీద రెండువేల మున్నూట పదేడు, ఇంగోదాని మీద నాలుగువందల ఆరు."

"పేర్లు ల్యావా?"

"పేర్లు మేం పెట్టుకుంటాం. సర్కారుకు నంబర్లే. గిట్ట మీద కాల్చి రాస్తారు. ఈ నంబర్లు రాయప్పా."

నాకు నవ్వొచ్చింది. గాడిద గిట్ట మీది అంకె రాస్తే పతకం ఎవరిస్తారు? ఒక వైపు ఇంగ్లీషు భాష, ఇంకో వైపు బర్మా యుద్ధం, మధ్యలో నేను. ఊరుకోగలనా? అర్జీలో నది పొంగింది. అవతలి ఒడ్డు నుంచి తుపాకీ గుండ్లు కురిశాయి. తొడలో గుండు తగిలి ఒక దొర నీళ్లలో పడ్డాడు. మన సాయిబు తన ప్రాణం లెక్కచేయక నీళ్లలో దూకి, దొరను వీపున వేసుకొని, ఈదుకుంటూ ఇవతలి ఒడ్డుకు చేర్చాడు. దొర కళ్లనీళ్లతో అతని చేయి పట్టుకొని 'నీకు పతకం ఇప్పిస్తాను' అన్నాడు. గాడిదల మాట మర్యాదగా ఉండదని వదిలేశాను.

చదివి వినిపించబోతే అతను చేయి చాచాడు. "నేను చదువుతా ఇయ్యి."

అతను చదివాడు. ఆ రోజుల్లో సైన్యంలో సిపాయిలకు ఇంగ్లీషు అక్షరాలతో ఉర్దూ నేర్పేవాళ్లు. అక్షరాలన్నీ అతనికి వచ్చు, భాష మాత్రం రాదు. కోటు సర్దుకొని నిలబడి, నా అర్జీని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, అది ఉర్దూ అయినట్టు పెద్ద గొంతుతో చదివాడు. టీ అంగడి దగ్గర జనం మూగారు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు, అతనికీ కాలేదు. చదవడం అయిపోగానే ఎవరో "భలే సాయిబూ!" అన్నారు. అతను సిగ్గుపడ్డాడు.

"ఏం రాసినావు అల్లుడా?"

"నువ్వు చెప్పిందే మామా. కొంచెం మర్యాదగా రాసినా."

కింద సంతకం చేశాడు. చదవడానికి బాగుందని ఒక నకలు కూడా రాయించుకొని పుస్తకంలో దాచుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి సంతకూ వచ్చి పోస్టాఫీసు అరుగు మీద కూర్చునేవాడు. ఆ ఏడాది కార్తెలన్నీ వాన లేక గాలితోనే పోయాయి. గంజి కేంద్రం దగ్గర జనం తెల్లారేసరికే చెంబులు వరసలో పెట్టి, తాము నీడకు పోయి కూర్చునేవాళ్లు. అతని పెళ్లాం కూడా అక్కడ ఒక చెంబు పెట్టేది. అయినా అతను శెనక్కాయ విత్తాడు. పట్టా ఇచ్చేవాళ్లు చూడటానికి వస్తే పొలం బీడుగా కనపడకూడదు గదా అన్నాడు.

అయిదు నెలలకు మిలిటరీ నుంచి జవాబు వచ్చింది. ఏడు లైన్లు. అటువంటి సంఘటన ఏ దస్తరంలోనూ లేదు, అర్జీదారు అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినట్టు భావిస్తున్నాము, ఈ విషయం ఇంతటితో ముగించడమైనది. నేను రెండుసార్లు చదివాను. అతను నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమంటాండారు?"

"ఇంగా వివరాలు కావల్లంట మామా" అన్నాను.

నా తప్పు దిద్దుకుందామనే అతన్ని అనంతపురం తీసుకుపోయాను. మాజీ సైనికుల పనులు చూసే ఒక చిన్న ఆఫీసు ఉండేది అక్కడ. అందులో ఒక రిటైరైన హవల్దారు కూర్చునేవాడు. ఎడమచేయి మోచేతి దాకే ఉంది. నేను నోరు తెరవకముందే "కాగితాలన్నీ ఇటివ్వు" అన్నాడు. సాయిబు పుస్తకం ఇచ్చాడు, జవాబు కాగితం ఇచ్చాడు, చివరికి భద్రంగా మడతలు విప్పి నా అర్జీ నకలూ ఇచ్చాడు. దాన్ని అడ్డుకోవడానికి నాకు ఏ సాకూ దొరకలేదు.

హవల్దారు మొత్తం చదివి తలెత్తాడు. "నదిలో దూకినావా?"

"ఏ నది సార్?"

"దొరను వీపున వేసుకొని ఈదినావని రాసుండాది. నీ సంతకమే గదా ఇది?"

"నాకు ఈత రాదు సార్. మా ఊర్లో ఈదేకి నీళ్లు యాడుండాయి?"

హవల్దారు అర్జీ మొత్తం ఉర్దూలో చెప్పాడు. నది, గుండ్లు, దొర కన్నీళ్లు, ఏదీ వదల్లేదు. సాయిబు నిటారుగా కూర్చొని విన్నాడు. అయ్యాక ఒకసారి నావైపు చూసి, తల తిప్పుకొని, "నేను ఖచ్చర్లు తోలినా సార్" అన్నాడు. అంకెలు రెండూ చెప్పాడు.

హవల్దారు కలం కింద పెట్టి నన్ను చూశాడు. "ఈ నంబర్లు నీకు చెప్పినాడా?"

"చెప్పినాడు."

"మనిషి కాగితం పోతాది. ఖచ్చర్ సర్కారు సొత్తు, దాని దస్తరం పోదు. ఏ నంబరు ఎవురి చేతిలో ఉండె, యాడికి పాయ, అన్నీ రాసింటారు. ఈ రెండంకెలు ముందే రాసింటే మూడు నెల్లకు పని అయిపోతాండె. ఇప్పుడు అబద్ధాలోడని ముద్ర పడె. అది చెరిపించి, ఆనక ఇది చూడల్ల. ఏడాది పడతాది. కథలు రాసేకి ఇంగెవురూ దొరకల్యా నీకు?"

కొత్త అర్జీ హవల్దారే రాశాడు. నాలుగు లైన్లు.

తిరిగొచ్చే బస్సులో సాయిబు, నేను పక్కపక్కన కూర్చున్నాం. కిటికీలోంచి దుమ్ము, ఎండిన కంది మోళ్లు. ఉన్నట్టుండి అతను నా భుజం మీద ఒక దెబ్బ వేసి నవ్వాడు. "ఎట్లాగూ రాస్తివి గదా అల్లుడా, ఒగ దొరతోనే ఎందుకు నిలిపితివి? ఇంగో ఇద్దర్ని మోయించింటే పోయేది. నా నడుము గట్టిదే!" బస్సంతా నవ్వింది. "పో, నీ కడుపు సల్లగుండ" అన్నాడు. నాకు గుండె బరువు దిగింది.

జాబితా నాలుగు నెలలకే కట్టేశారు. ఆ నాలుగెకరాలు ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఇంకో మాజీ సిపాయికి పోయాయి. అతని తప్పేమీ లేదు. యుద్ధంలో వంటపని చేశాడు, అతని కాగితాలు సక్రమంగా ఉన్నాయి. మంచివాడు కూడా. "పెట్టిన పంట నీదే, పెరుక్కో అన్నా" అని సాయిబుకు చెప్పాడట. పెరికితే వేళ్లకు కాయలు లేవు. తర్వాత ఆ వంట సిపాయి బావి తవ్వి, ఆ రాళ్ల గోడ విప్పి, బావి ఒరకు వాడుకున్నాడు.

ఏడాది దాటాక పతకాలు వచ్చాయి. దస్తరాల్లో రెండు అంకెలూ దొరికాయి. పుస్తకంలో అడ్డగీత కొట్టేసి, దాని మీద ఎర్రసిరాతో రాసి, ముద్ర వేసి పంపారు. అవి నేను చూడలేదు. పోస్టుమాన్ చెప్పాడు. సాయిబు పెట్టె విప్పి, రెండు పతకాలనూ అరచేతిలో పెట్టుకొని పెళ్లాం ముందు చాచాడట. ఆమె ముట్టుకోలేదు. "విత్తితే మొలుస్తాయా ఇవి?" అనిందట. ఆ వేసవిలోనే ఇద్దరూ కణేకల్ వైపు కాలువ కింద మళ్లలో కూలికి పోయారు. తిరిగొచ్చినట్టు నాకు తెలియదు.

ఇప్పుడు ఒప్పుకోవాలి. ఇందులో ఒకటి కల్పించాను. బస్సులో అతను నవ్వలేదు. నా భుజం తట్టలేదు. నా పక్కన కూర్చోనే లేదు. ఖాళీ సీట్లు ఎన్నో ఉన్నా, పోయి డ్రైవరు పక్కన, కాలే ఇంజను మూత మీద కూర్చున్నాడు. బత్తలపల్లెలో బస్సు ఆగినప్పుడు లేచి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకొని తల వంచుకున్నాను.

"నేను చెప్పిండేది సాలకపాయనా అప్పా?" అని అడిగాడు.

ఆ అడగడంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. కండక్టరు రైట్ అన్నాడు. అతను దిగిపోయాడు. ఆ తర్వాత సంతకు వచ్చినా టీ అంగడి వైపు రాలేదు.

నడుము గట్టిదే అన్న ఆ మాట నేను ఇంటికి చేరేలోగా అల్లుకున్నది. ఈ ఇరవై ఏళ్లలో ఎన్నిచోట్ల చెప్పానో. విన్నవాళ్లు ప్రతిసారీ నవ్వి, "ఎంత మంచోడప్పా ఆ సాయిబు" అంటారు. నేను ఔనంటాను.