క్లాసుంటే రానన్నాను

టెక్కలిలో ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. తన కిడ్నీ పరీక్ష రిపోర్టు తీసుకోవాలి, పలాస ఆసుపత్రికి తోడు రమ్మంది అమ్మ. "క్లాసుంటే రాను" అన్నాను. ఆ రోజు క్లాసు లేదు. అయినా హాస్టల్లోనే పడుకున్నాను.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "మీకియేల సెలవంట గదే, రానేదేటి?"

అప్పుడే నేర్చుకున్న లాజిక్ పాఠం నోటికొచ్చింది. "క్లాసుంటే రానన్నాను. లేకపోతే వస్తానన్నానా? రెండూ ఒకటి కాదమ్మా." పక్కనున్న స్నేహితురాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"అదంతా నాకేటి తెలుసే. నువ్వొత్తావని గేటుకాడే కూకున్నాను. ఒక్కదాన్నీ లోపలికెళ్లి ఇనడానికి బయమేసి తిరిగొచ్చీసినాను."

తర్వాత ఇద్దరం వెళ్లి తెచ్చిన రిపోర్టు బాగానే ఉంది. కాలేజీ పరీక్షలో ఆ లాజిక్ ప్రశ్నే వచ్చింది, పూర్తి మార్కులు పడ్డాయి. ఆ పేపరు అమ్మకి చూపించడానికి మాత్రం మొహం చెల్లలేదు.